డిక్కీలో పడుకున్న రాకెట్లు

టక్కుమంది. మా మేనకోడలి బ్యాడ్మింటన్ రాకెట్‌లో తీగ తెగింది. రెండో రాకెట్ తీసి నాలుగు షాట్లు కొట్టిందో లేదో, అదీ టక్కుమంది. ఇంకా వార్మప్ కూడా పూర్తి కాలేదు! పావుగంటలో సెలెక్షన్ మ్యాచ్. గెలిస్తే జట్టులో చోటు, ఓడితే మళ్లీ ఏడాది ఆగాలి. ఆ రెండింటికీ నిన్న సాయంత్రమే నా చేత్తో గట్టింగ్ చేసిచ్చాను. పాతికేళ్లుగా ఇలా రాకెట్లకు తీగలు బిగించే బతుకుతున్నవాణ్ని. నాకు ఒళ్లు మండిపోయింది.

తెగిన తీగ పట్టుకుని చూశాను. చల్లగా, పుల్లలా బిగుసుకుపోయి ఉంది. చలికి తీగలో సాగే గుణం తగ్గిపోతుంది. దెబ్బ పడితే సాగాల్సింది కాస్తా పుటుక్కున తెగుతుంది. రాకెట్లను చలికాలంలో మనుషుల దగ్గరే వెచ్చగా పడుకోబెట్టండని మూడేళ్లుగా గొంతు చించుకుంటున్నాను.

"రాత్రి బ్యాగు ఎక్కడుంది బావా?"

అక్క మొగుడు నేలచూపులు చూశాడు. "కారు డిక్కీలో."

"డిక్కీలోనా! ఈకలు విరిగిపోతాయని షటిళ్లకి కెటిల్ ఆవిరి పట్టిస్తావే, తీగల సంగతి ఆమాత్రం తట్టలేదా? ఈ చలిలో నువ్వు పడుకుంటావా డిక్కీలో?"

హాల్లో జనమంతా మావైపు తిరిగారు. మేనకోడలు ముందుకొచ్చింది.

"నాన్ననెందుకు తిడతావ్ మామయ్యా? నిన్న బ్యాగు డిక్కీలో పెట్టింది నువ్వే. పొద్దున హడావిడిలో మర్చిపోతారు, మీ ఇంట్లో ఎవర్నీ నమ్మను అన్నావ్."

నిజమే. పెట్టింది నేనే. అయినా ఊరుకోబుద్ధి కాలేదు.

"మరి తీసి లోపల పెట్టొచ్చు కదా!"

"ముట్టుకుంటే ఊరుకోనన్నావుగా," అన్నాడు బావ నెమ్మదిగా.

మేనకోడలు బెంచీ మీదున్న కోటు మడతల్లోంచి పాత రాకెట్ బయటికి తీసింది. నేను ఊళ్లో లేనప్పుడు బావ ఇంట్లో కూర్చుని దానికి తనే తీగలు కట్టాడు. అంతా వదులు. దీంతో చేపలు పట్టుకోండని అప్పట్లో తెగ వెక్కిరించాను.

"ఇది రాత్రి నా దుప్పట్లోనే పడుకుంది. నువ్వు చెప్పావనే," అంది.

తెగిన రెండు రాకెట్లూ ఒళ్లో పెట్టుకుని మ్యాచ్ చూశాను. ఆ పిల్ల స్మాష్ కొట్టినప్పుడల్లా కళ్లు మూసుకున్నాను. ఆ టక్కు మళ్లీ వినబడుతుందేమోనని ప్రాణం గిలగిలలాడింది. మూడు గేములు ఆడింది. ఒక్క తీగా తెగలేదు. గెలిచింది.

బావ కళ్లు తుడుచుకుంటున్నాడు. నాకు సంతోషంతో పాటు సిగ్గూ ముంచుకొచ్చింది. క్షమించమని అడగడం చేతకాక, చేతనైన పనికే చెయ్యి చాచాను.

"ఇటివ్వమ్మా, రేపు దీనికి మంచి గట్టింగ్ చేసిస్తా."

అది రాకెట్‌ను వీపు వెనక దాచుకుంది.

"దీన్ని ముట్టుకుంటే ఊరుకోను మామయ్యా."