ఆరు కిలోల నీలం బ్యాగు

ఉదయం పదింటికి దాహం వేసి క్రేన్ ఆపరేటర్ తన నీలం బ్యాగు జిప్పు లాగాడు. నీళ్ల సీసా కోసం లోపలికి పోనిచ్చిన చేతికి మెత్తగా ఏదో తగిలింది. బయటికి తీసి చూశాడు.

కొబ్బరిచిప్పంత టోపీ. పసుపుపచ్చ ఉన్నిది.

అతనున్నది అరవై మీటర్ల ఎత్తున, కాళ్లు చాపుకోవడానికి కూడా చాలని అద్దాల క్యాబిన్‌లో. బ్యాగులో ఇంకా ఏమున్నాయో చూడక్కర్లేదు. ఆరు గౌన్లు, డజను లంగోటీలు, రెండు తువ్వాళ్లు, భార్య చెప్పులు, రెండు నైటీలు, సబ్బు, దువ్వెన, అన్నిటికంటే పైన ఆస్పత్రి ఫైలు. అన్నీ తన చేత్తో సర్దినవే. ఒక్కొక్కటీ లోపల పెట్టి, చీటీ మీద టిక్కు పెట్టుకున్నవే.

తప్పు ఎలా జరిగిందో అతనికి వెంటనే తెలిసిపోయింది. అదే ఇంకా సిగ్గనిపించింది.

రెండేళ్లు ఒక్క ప్రమాదం కూడా లేకుండా క్రేన్ నడిపినందుకు కంపెనీ ఏడాదికొకటి చొప్పున రెండు బ్యాగులిచ్చింది. రెండూ నీలమే, రెంటి మీదా ఒకటే ముద్ర. ఒకటి రోజూ డ్యూటీకి తెచ్చుకునేది: భోజనం డబ్బా, రెండు సీసాల నీళ్లు, కోటు, మార్చుకోవడానికి పాత చొక్కా. నిచ్చెన ఎక్కేవాడి వీపు మీద ఆరు కిలోలకు మించి ఉండకూడదని సైట్ రూలు. రెండోది ఆస్పత్రికి. దాన్ని సర్దినప్పుడు ఆ రూలే దానికీ పెట్టాడు. కొక్కెం తక్కెడ తెచ్చి, గుమ్మానికి వేలాడదీసి తూకం వేశాడు. ఆరు కిలోల రెండొందలు వచ్చింది. ఒక తువ్వాలు తీసేసి సరిగ్గా ఆరుకి తెచ్చాడు.

భార్య మంచం మీద కూర్చుని పొట్ట పట్టుకుని నవ్వింది.

"ఏమండీ, నేను కనడానికి వెళ్తున్నానా, కొండెక్కడానికా?"

"నవ్వు. రేపు నేనో మీ అక్కో మొయ్యాలి కదా దీన్ని. చేతికి అలవాటైన బరువైతే ఇబ్బంది ఉండదు."

చేతికి అలవాటైన బరువు! ఆ అలవాటే ఇవాళ పొద్దున్న కొంప ముంచింది. గుమ్మం పక్కన రెండు బ్యాగులూ ఉన్నాయి. కళ్లు సగం మూసుకునే ఒకటి లేపాడు. అదే బరువు. చేతికి అనుమానం రాలేదు.

వాకీటాకీ నొక్కాడు. "మైకూ."

కింద కొక్కేనికి సరుకు కట్టించి, ఎత్తు దించు అని చెప్పే సిగ్నల్ మనిషిని సైట్ అంతా మైకు అనే పిలుస్తారు. పుట్టినప్పుడు ఏడుపు మొదలుపెట్టి ఇంతవరకూ నోరు మూయలేదని అతనికి పేరు.

"చెప్పన్నా. పైవాడు తలుచుకున్నాడంటే ఏదో వరమే."

"ఆస్పత్రి బ్యాగు పైకి తెచ్చేశాన్రా. భోజనం ఇంట్లో ఉండిపోయింది."

వాకీటాకీలో నవ్వు గరగరలాడింది. "అయితే మధ్యాహ్నం లంగోటీలు తింటావా? ఇంటికి ఫోన్ చెయ్యమంటావా?"

ఆపరేటర్ల ఫోన్లు క్యాబిన్‌లోకి రానివ్వరు. అతని ఫోన్ మైకు జేబులోనే ఉంటుంది. ఒక్క మాట అంటే చాలు. ఇంకెవరైనా వచ్చి ఫైలు పట్టుకెళ్లేవాళ్లు.

"వద్దులే. ఇంకా మూడు వారాలుంది. అనవసరంగా కంగారుపెట్టడం దేనికి? సాయంత్రం నేనే తీసుకెళ్తా."

ఆ తర్వాత ఆ మాటను అతను ఎన్నిసార్లు తిట్టుకున్నాడో లెక్కలేదు.

పదకొండున్నరకి గాలి లేచింది. ఇనుప చువ్వల కట్టని తొమ్మిదో అంతస్తు మీద దించి, కొక్కెం పైకి లాగుతుండగానే క్యాబిన్ ఊగింది. గాలిమీటరు ముల్లు ముప్పై నుంచి నలభై ఐదుకి ఎగిరి, ఎర్ర గీత దాటేసింది. సైట్ ఇంజినీర్ గొంతు వాకీటాకీలో వినిపించింది.

"క్రేన్ ఆపెయ్. తిరిగే బ్రేకు వదిలెయ్. గాలి ఎటు తిప్పితే అటు తిరగనీ. నిచ్చెన మీద ఎవరూ ఉండకూడదు. నువ్వు పైనే కూర్చో."

బ్రేకు వదిలేశాడు. పెనుగాలిలో క్రేన్‌ని బిగించి ఉంచితే విరుగుతుంది. వదిలేస్తేనే బతుకుతుంది. యాభై మీటర్ల ఇనుప చెయ్యి గడ్డిపోచలా గాలివాటానికి తిరగడం మొదలుపెట్టింది. దాంతోపాటు అతనూ.

అప్పుడే మైకు పిలిచాడు. గొంతులో ఎప్పుడూ ఉండే వెటకారం లేదు.

"అన్నా, మీ వదిన ఫోను. ఉండు, స్పీకర్ పెట్టి వాకీటాకీకి ఆనిస్తున్నా. మాట్లాడమ్మా, గట్టిగా మాట్లాడు."

"మరిదిగారూ!" భార్యకి అక్క అయిన వదిన గొంతు రెండు యంత్రాల్లోంచి దూరి, ఎక్కడో డబ్బాలోంచి వచ్చినట్టు వచ్చింది. "ఇందాక దానికి తల తిరిగి పడబోయింది. నొప్పులు కూడా వచ్చేశాయి. గుమ్మం దగ్గరి బ్యాగు పట్టుకుని పెద్దాస్పత్రికి తీసుకొచ్చేశా. బీపీ బాగా ఎక్కువుందని లోపలికి తీసుకెళ్లిపోయారు. నర్సు వచ్చి ఫైలు అడుగుతోంది. బ్యాగు తెరిస్తే ఇదేంటండీ, భోజనం డబ్బా!"

అతను బ్యాగులోంచి ఫైలు లాగాడు.

ఫైలు మొదటి పేజీకి ఒక ఎర్ర కార్డు గుచ్చి ఉంది. మూడో నెలలో పంటి నొప్పికి వేసిన ఇంజెక్షన్ ఆమెకు పడలేదు. పది నిమిషాల్లో మొహం వాచి, ఊపిరాడక చావు అంచుదాకా వెళ్లి వచ్చింది. ఈ మందు ఇంకోసారి ఒంట్లోకి వెళితే మనిషి దక్కదని డాక్టరమ్మ దాని పేరు పెద్దక్షరాలతో రాసిచ్చింది. నెలనెలా చూపించుకున్న ఆ చిన్న క్లినిక్ సాయంత్రం ఐదు దాకా తెరవరు. పెద్దాస్పత్రిలో ఆమె సంగతి ఎవరికీ తెలియదు.

"వదినా, రాసుకో. ఎర్ర కార్డు మీద ఉంది. ఒక్కో అక్షరం చెప్తా."

అతను చదివాడు. మైకు ప్రతి అక్షరాన్నీ గాలికి పోటీగా అరిచి మళ్లీ చెప్పాడు. వదిన అరచేతి మీద రాసుకుంది. రెండుసార్లు సరిచూసుకున్నారు. పొల్లుపోలేదు.

"అది ఇవ్వొద్దని చెప్పు. పరిగెత్తు వదినా!"

చెప్పుల చప్పుడు. తలుపు బాదిన చప్పుడు. ఎవరో కసురుకున్నారు. మళ్లీ వదిన. ఈసారి ఏడుస్తోంది.

"ఇంజెక్షన్ ఇచ్చేశారంట మరిదిగారూ! పది నిమిషాలైందంట. ఆయా చెప్పింది."

"ఏ ఇంజెక్షన్?"

"దానికేం తెలుసు? ఇచ్చారన్నదంతే. తలుపేసేశారు. డాక్టరు బయటికి..."

లైను తెగింది.

"వదినా? మైకూ, మళ్లీ కలుపు!"

"కలవట్లేదన్నా. గాలికి టవర్ ఏమన్నా..." అతని వెనక ఈల మోగింది. సైట్‌లో కింద ఉన్నవాళ్లంతా ఇనుప గదిలోకి వెళ్లిపోవాలన్న ఈల. మైకు ఎవరితోనో పెనుగులాడుతూ అరుస్తున్నాడు. "రెండు నిమిషాలు సార్! అన్న పెళ్ళాం ఆస్పత్రిలో..." ఆ పక్కనే రేకు ఒకటి లేచి దభేలున పడింది. ఆ తర్వాత తలుపు మూసిన చప్పుడు.

"అన్నా," మైకు గొంతు మెల్లగా వచ్చింది. "లోపలికి తోసేశారు. ఈ డబ్బాలో ఫోన్‌కి సిగ్నల్ రాదు."

ఇంక మిగిలింది ఎదురుచూడటమే. అది అతనికి చేతకాని పని. పన్నెండేళ్లుగా అతని చేతిలో మీట ఉంది. రెండు టన్నుల బరువుని గుడ్డు దించినట్టు దించుతాడని పేరు. ఇప్పుడు ఆ మీట కదిపినా ఏమీ జరగదు. మోకాళ్ల మీద బ్యాగు. చేతిలో ఎర్ర కార్డు. దాన్ని ఎవరికి చూపించాలి, పిట్టలకా?

క్యాబిన్ తలుపు తీశాడు. గాలి తలుపుని లాక్కుని గోడకేసి కొట్టింది. బ్యాగు వీపుకి తగిలించుకుని ఒక కాలు నిచ్చెన మీద పెట్టాడు. రెండో కాలు పెట్టబోతుండగా గాలి బ్యాగు కిందికి దూరి అతన్ని పక్కకి ఈడ్చింది. ఒక చెయ్యి జారింది. అరక్షణం పాటు నేల, ఇసుక కుప్పలు, నీళ్ల ట్యాంకు అన్నీ కళ్ల ముందుకి వచ్చి వెళ్లాయి.

"ఎవడ్రా అది నిచ్చెన మీద!" ఇంజినీర్ ఇనుప గది కిటికీలోంచి చూస్తున్నట్టున్నాడు. "లోపలికి పో! నీ భార్యకి ఇవాళ ఒక్క కష్టం చాలదా?"

ఆ మాటకి అతను లోపలికి పోయాడు. తలుపు మూయడానికి మూడుసార్లు లాగాల్సివచ్చింది.

క్రేన్ మెల్లగా తిరుగుతోంది. ఒకసారి పాత మిల్లు గొట్టాలు, ఒకసారి రైలు పట్టాలు, ఒకసారి స్కూలు మైదానం. ఇంకొంచెం తిరిగితే ఇళ్ల మధ్యలోంచి తెల్లటి నాలుగంతస్తుల భవనం. మేడ మీద ఎర్ర గుర్తు. పెద్దాస్పత్రి. రెండు కిలోమీటర్లు కూడా ఉండదు. అది అద్దంలోకి వస్తుంది, నిలబడుతుంది అనుకునేలోగా గాలి అతన్ని ఇంకోవైపుకి తిప్పేస్తుంది. అతను మెడ తిప్పి చూస్తాడు. అదీ దాటిపోతుంది. మళ్లీ వచ్చేదాకా రైలు పట్టాలే.

పది నిమిషాలైందన్నారు. పంటి నొప్పప్పుడు కూడా పది నిమిషాలే పట్టింది. గడియారం చూసుకున్నాడు. ఆ పది ఎప్పుడో దాటిపోయింది. అంటే ఈపాటికి ఏదో ఒకటి జరిగిపోయి ఉంటుంది. అది జరిగిపోయిందన్న సంగతి తెలియకుండా తాను ఇక్కడ గుడ్డలు మడత పెడుతున్నాడు. అవును, మడతే పెడుతున్నాడు. బ్యాగు ఎప్పుడు తెరిచాడో తెలియదు. గౌన్లు ఒళ్లో పెట్టుకుని, విప్పి, మళ్లీ మడిచి పేరుస్తున్నాడు. ఆరు గౌన్లు. పన్నెండు లంగోటీలు. చెప్పులు జతగా, మడమలు ఒకవైపుకి. ఎడమ చెప్పుకి ఆమె బొటనవేలి గుంట పడి ఉంది. అది చూశాక ఇంక మడవలేకపోయాడు.

"అన్నా, ఉన్నావా?"

"ఉన్నాను."

"ఏమన్నా మాట్లాడనా?"

"వద్దు."

"ఊరుకోనా మరి?"

"వద్దు."

మైకు మాట్లాడుతూనే ఉన్నాడు. తన బావమరిది కోళ్ల గురించి, పందెంలో పోయిన సైకిల్ గురించి. అతను ఒక్క ముక్కా వినలేదు. కానీ వాకీటాకీని చెవికి ఆనించుకునే కూర్చున్నాడు.

రెండు గంటల పది నిమిషాలకి ముల్లు ఎర్ర గీత కిందికి దిగింది. కింద ఇనుప తలుపు తెరుచుకుంది. మైకు ఫోన్ పైకెత్తి పట్టుకుని ఇసుక కుప్ప మీదికి పరిగెత్తడం పైనుంచి చీమ పరిగెత్తినట్టు కనబడింది. చీమ ఆగింది. చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది. ఎంతసేపు! ఆ చీమ తల ఊపుతోందా, అడ్డంగా ఆడిస్తోందా, అంత ఎత్తునుంచి తెలిసిచావదు.

"అన్నా!" అరుపుకి వాకీటాకీ కీచుమంది. "ఆడపిల్ల! ఇద్దరూ బాగానే ఉన్నారంట!"

"ఇంజెక్షన్?"

"అది వేరేదంట. ఆ మందు పేరు వదిన చేతి మీద రాసుంటే డాక్టరు చూసుకుందంట."

"వదిన తలుపు బయటుంది కదరా, ఆ అరచెయ్యి..."

"ఆ వదిన కాదన్నా. మా వదిన. నీ భార్య!"

అరవై మీటర్లు ఎలా దిగాడో అతనికి గుర్తులేదు. మైకు మోటార్‌సైకిల్ వెనక కూర్చుని, బ్యాగుని పొట్టకి హత్తుకుని ఆస్పత్రికి వెళ్లాడు. నర్సు ఫైలు మాత్రం తీసుకుని చదవకుండానే చంకలో పెట్టుకుంది.

"బ్యాగు లోపలికి వద్దు. ఇప్పటికి కావలసినవన్నీ ఉన్నాయి. రెండే నిమిషాలు."

ఆమె మంచం మీద వాడిపోయి ఉంది. పెదాలు పగిలిపోయాయి. అతన్ని చూసి చెయ్యి లేపబోయింది, లేవలేదు. అతనే వంగి పట్టుకున్నాడు. మణికట్టు లోపల నీలం ఇంకుతో, చెమటకి సగం అలుక్కుపోయి, అవే పెద్దక్షరాలు.

"ఇది ఎప్పుడు రాసుకున్నావ్?"

"మీరు బ్యాగుని తూకం వేసిన రోజునుంచి." గొంతు గుసగుసలా వచ్చింది. "రోజూ స్నానం చేశాక మళ్లీ దిద్దుకుంటున్నా."

"నా మీద నమ్మకం లేదా?"

"మీ మీద ఉందండీ. బ్యాగు నాతో రాకపోవచ్చు. చెయ్యి వస్తుంది కదా."

అతనికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రెంటికీ మధ్య ముక్కు తుడుచుకున్నాడు. వెనకనుంచి వదిన మూటలాంటిదాన్ని ఎత్తుకుని వచ్చింది. గళ్ల గుడ్డ. అతనికి అది తెలిసిన గుడ్డే. డ్యూటీ బ్యాగులోని పాత చొక్కా.

"నర్సు మెత్తటి బట్ట అడిగింది మరిదిగారూ. మీ డబ్బా కింద ఇదొక్కటే దొరికింది. ఉతికి ఉతికి వెన్నలా అయ్యింది. పట్టుకోండి."

"నేనా? వద్దు వదినా..."

"మీ పిల్లే! పట్టుకోండి. రెండు కిలోల నాలుగొందలు, తూకం వేశారులెండి."

పెట్టేసింది. అతను రెండు చేతులూ ముందుకి చాచి, మోచేతులు బిగించి, అలాగే నిలబడిపోయాడు. ఎక్కడ పట్టాలి? మెడ కిందా? నడుం కిందా? చొక్కా మడతల్లోంచి వేలెడు మొహం ఎర్రగా కందిపోయి, నోరు తెరిచి గుక్కపెట్టింది. అతను కదల్లేదు. ఊపిరి కూడా తీసుకోలేదు.

"వదినా," అన్నాడు మెల్లగా. "జారిపోతుందేమో. తీసుకో వదినా. ఎవరైనా తీసుకోండి."

మంచం మీదనుంచి ఆమె అతన్నే చూస్తోంది. ఎవరూ తీసుకోలేదు.