మడత కాడి గడి

"జర దుమ్ము తుడువు. గని ముట్టకు."

కంప్యూటర్ ఇంటికొచ్చిన రోజే అశోక్‌కుమార్ పెళ్లానికి చెప్పిన మాట ఇది. ముట్టకుండా తుడవడం ఎట్లాగో మాత్రం చెప్పలేదు. మంజుల పాత చీరముక్క తెచ్చి, ఊపిరి బిగబట్టి, తెరకు ఒక అంగుళం దూరంలో గాలిని తుడిచింది. తర్వాత నవ్వొచ్చి, అందరిలాగే మామూలుగా తుడిచింది. దానికేమీ కాలేదు.

హైదరాబాదులో ఎవరో వాడి వదిలేసిన కంప్యూటర్ అది. ఇక చీరల డిజైన్లు కాగితం మీద కాదు, దీని మీదే గీస్తానని అశోక్ పదిరోజులు నేర్చుకుని వచ్చి మరీ కొన్నాడు. పెట్టడానికి ముందుగదిలో జాగా కావాలి. ఆ జాగాలో మంజుల ఆసు ఉండేది. ఒక కొసన ఒకే మేకు, ఎదురుగా వంపు తిరిగిన కట్టెకు వరుసగా మేకులు, వాటి నడుమ అటూ ఇటూ చెయ్యి ఊపుతూ నూలు పోయాలి. ఒక్క చీరకు వేలసార్లు చెయ్యి ఊగుతుంది. ఆ ఆసును వసారాలోకి నెట్టేశారు. పొద్దంతా అక్కడ ఎండ. కంప్యూటర్ వేడెక్కుతుందని దానికి మాత్రం ఫ్యాన్ బిగించారు. ఆమె భుజం నొప్పికి దవాఖాన సంగతి ఎత్తితే "ఈ చీర దిగనీ" అనే మనిషి, ఫ్యాన్ కోసం ఆ పూటే నార్కట్‌పల్లి పోయి వచ్చాడు.

ఏడవాలనిపించింది కాని, వసారా కిటికీలోంచి తెర కనబడుతోంది. అదొక లాభం.

ఒకరోజు అశోక్ తెర మీది పువ్వును పెద్దది చేశాడు. ఇంకా పెద్దది చేశాడు. చేస్తూ పోతే పువ్వు పోయింది, రెక్కలు పోయినయి, గడులు మిగిలినయి. ఎర్రగడి, తెల్లగడి, ఎర్రగడి. మంజుల చెయ్యి ఆసు మీద ఆగిపోయింది. లోపల ఏదో మహత్తు ఉందనుకుంది ఇన్నాళ్లు. తీరా చూస్తే గ్రాఫు కాగితం! ఇరవై ఏళ్లుగా ఒళ్లో పరుచుకుని, వేలితో లెక్కబెట్టి, రంగు అంటొద్దన్న చోటల్లా నూలు మీద రబ్బరు పట్టీలు కట్టుకుంటూ పోయిన ఆ గడులే.

"గా గడులు దానికెట్ల యాదుంటయి? కరెంటు పోయినంక గూడ?" ఉండబట్టలేక అడిగింది.

"నీకెందుకే గవన్ని? చాయ్ పెట్టు పో."

అత్త వెంకటనర్సమ్మ వంత పాడింది. "కట్టుడు చేతనైతే సాలదా? డబ్బతోని ఏం పనే నీకు?"

చాయ్ పెట్టింది. ప్రశ్న మాత్రం పొయ్యి దగ్గరా వదల్లేదు, బట్టలు ఉతికేటప్పుడూ వదల్లేదు. ఆదివారం హాస్టల్ నుంచి వచ్చిన కూతురు సింధూజకు తల దువ్వుతూ అడిగింది. సింధూజ ఇంటర్ చదువుతోంది.

"లోపట రెండే ఉంటయి అమ్మా. ఉన్నది, లేనిది. గంతే. గా రెండిట్లతోనే బొమ్మలు, పాటలు, అన్నీ రాసుకుంటది."

దువ్వెన ఆగింది. కట్టిన చోట రంగు అంటదు, విడిచిన చోట అంటుతుంది. కట్టుడు, విడుచుడు. తన చేతికి తెలిసిన పని కూడా ఆ రెండే కదా! ఆ రెండింటితోనే ఏనుగులు, చిలుకలు, పందిళ్లు, ఎందరు పెళ్లికూతుళ్ల ఒంటి మీదికి పంపింది! "బిడ్డా, బటన్ ఎక్కడుందో చూపియ్యి" అంది.

అశోక్ రంగుల కోసం పట్నం పోయిన ఒక మధ్యాహ్నం, అత్త కునుకు తీస్తుండగా మంజుల కుర్చీలో కూర్చుంది. తెల్లటి తెర మీద ఒక్క నల్లగడి పెట్టింది. చూసుకుంది. మళ్లీ తీసేసింది. మచ్చ కూడా మిగల్లేదు! నూలు మీద తప్పు చోట రంగు పడితే పడ్డట్టే, దాన్ని ఏళ్లతరబడి ఎత్తిపొడుస్తూనే ఉంటారు. ఇక్కడ తప్పు చేసి చూడొచ్చు. పెళ్లయ్యాక ఆమెకు అట్లాంటి జాగా దొరకడం అదే మొదలు. గంటసేపు హాయిగా తప్పులు చేసింది.

ఆ వారమే సహకార సంఘంలో పనిచేసే శోభ ఒక ఫారం పట్టుకొచ్చింది. కంప్యూటర్ మీద డిజైన్లు గీసుడు ఆడవాళ్లకు నేర్పుతారట, నార్కట్‌పల్లిలో నలభై రోజులు, రోజూ పొద్దున పోయి సాయంత్రం రావాలి. నెల తిరిగేలోపల ఫారం ఇయ్యాలి.

"ఒకింట్ల ఇద్దరు డిజైనర్లెందుకు?" అన్నాడు అశోక్. "నలభై రోజులు నువ్వు పోతే ఆసు ఎవరు పోస్తరు? సంఘం పుస్తకంల నువ్వు సహాయకురాలివి. సహాయం చెయ్యి, సాలు."

మంజుల ఫారాన్ని బియ్యం డబ్బా మీద పెట్టింది.

అప్పుడే కొత్త డిజైన్ వచ్చింది. ఎదురుగా చూసే ఏనుగు ముఖం, నుదుట సన్నటి బొట్టుగీత. అశోక్ సగం ముఖం గీస్తే మిగతా సగం కంప్యూటరే అద్దంలోలా వేసింది. మురిసిపోతూ సగం బొమ్మను అచ్చుతీసి ఇచ్చాడు. నూలును నడిమికి మడిచి కడతారు కాబట్టి సగం చాలు. మంజుల చూసింది. నడిమి గడి మడత దగ్గర నిండుగా ఉంది. తెర మీద అది ఒక్కటే. నూలు మడత విప్పితే అదే రెండవుతుంది.

కాగితం రోజుల్లోనూ ఆయన అట్లాగే గీసేవాడు. మడత దగ్గర ఆమె సగం గడే కట్టి, నోరు మూసుకుని సరిచేసేది. ఇరవై ఏళ్లు. ఆయనకు తెలియనే తెలియదు.

"నడుమ సగం గడి తీసెయ్యాలె" అంది ఈసారి, పైకే.

"కంప్యూటర్ తప్పు చెయ్యదు. ఉన్నది ఉన్నట్టు కట్టు."

సరే. ఉన్నది ఉన్నట్టు కట్టింది. కోపం లేదని కాదు, ఉంది. కాని అంతకంటే ఎక్కువగా చూడాలనిపించింది, తను సరిదిద్దకపోతే ఈ ఇంట్లో ఏమవుతుందో.

నూలుకు రంగులు పడ్డాక, జానెడు నేసి అశోక్ మగ్గం దిగాడు. తొండం లావెక్కింది. బొట్టుగీత వెడల్పయి పట్టీలా కనబడుతోంది.

"ఏనుగుకు నెత్తి నొస్తాందారా, గుడ్డ కట్టినవ్?" అంది వెంకటనర్సమ్మ.

"గిదేం కట్టుడే!" అరిచాడు అశోక్ మంజుల మీద.

మంజుల చేతులు తుడుచుకుని ముందుగదిలోకి నడిచి కుర్చీలో కూర్చుంది. బటన్ నొక్కింది, బొమ్మ తెరిచింది, పెద్దది చేసింది. "గిదే నువ్విచ్చిన సగం. నడిమిది మడత మీద పడ్డది, రెండైంది. గీ సగం గడిని ఇరవై ఏండ్ల సంది నేనే తీస్తున్న. గీ ఒక్కసారి తియ్యలె."

అశోక్ తెరను చూశాడు, నేసిన జానెడును చూశాడు, మళ్లీ తెరను చూశాడు. వెంకటనర్సమ్మ దగ్గరికొచ్చి, తెర మీది గడిని వేలితో తాకబోయి, ఎందుకో చెయ్యి వెనక్కి తీసుకుంది. తనూ నలభై ఏళ్లు కట్టిన మనిషే.

"నేను గూడ తీసేదాన్ని" అంది కొడుకుతో మెల్లగా. "మీ నాయినకు చెప్పలె."

మంజుల బియ్యం డబ్బా మీది ఫారం తెచ్చుకుని నింపడం మొదలుపెట్టింది. పేరు. ఊరు. వయసు. వృత్తి అన్నచోట ఒక్క క్షణం ఆగి, 'డిజైనర్' అని రాసింది. అశోక్ వంగి ఆ మాట చదివాడు. ఆయన నోట వచ్చిన మాటలో గద్దింపు లేదు, నిజమైన ఫికరే ఉంది.

"నువ్వు పోతే మడత కాడి గడి ఎవరు తీస్తరే?"

"నేర్పిచ్చే పోత" అంది మంజుల. "ఇటొచ్చి కూసో."