చదవకుండా నొక్కిన ‘సరే’

ఆయన డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతాడు. రోజంతా పక్క సీట్లో కూర్చుని, గంటకు ఇరవై కిలోమీటర్లు దాటనివ్వకుండా, కాలు బ్రేకు మీద పెట్టుకుని గడుపుతాడు. అందుకేనేమో, ఇంటికొచ్చాక అన్నీ చకచకా జరిగిపోవాలంటాడు. మిక్సీని ఒకటో నంబరు మీద తిప్పడం ఆయన ఎరగడు. లిఫ్టు రావడం ఆలస్యమైతే మెట్లెక్కి, నాలుగో అంతస్తులో రొప్పుతూ నిలబడి, తనే ముందొచ్చానని సంబరపడతాడు. అదే ఇంట్లో ఉండే అత్తగారు, ఆయన లేనప్పుడు కూతురి దగ్గర ఆయన్ని ‘మీ స్పీడు’ అనే అంటుంది.

భార్యది గొంతుతో పని. ఒక ప్రచురణ సంస్థ కోసం నవలలు చదివి రికార్డు చేస్తుంది. చిన్నగది గోడలకు పాత దుప్పట్లు కొట్టి, తలుపు సందుల్లో గుడ్డలు కుక్కి, దాన్నే స్టూడియో చేసుకుంది. కంప్యూటరూ అందులోనే. ఫైలు తెరవడానికి అది బద్ధకిస్తోందని ఒకరోజు నోరు జారింది. అంతే, ఆదివారం పొద్దున్నే ఆయన కంప్యూటర్ మెమరీ పెంచే కొత్త ర్యామ్ స్టిక్కులు రెండు పట్టుకొచ్చాడు.

బిగించడం పది నిమిషాల్లో అయిపోయింది. కానీ డబ్బా మీద వేగం మూడువేల ఆరువందలని ఉంటే, తెర మీద రెండువేల నాలుగువందలే కనిపించింది. ఆయన ముఖం కందగడ్డయింది. వెంటనే షాపువాడికి ఫోన్ చేశాడు.

“మోసమేం లేదు సార్. ఊరికే పెడితే నెమ్మదిగానే నడుస్తుంది. సెట్టింగుల్లోకి వెళ్ళి మెమరీ ప్రొఫైల్ ఆన్ చెయ్యండి. డబ్బా మీదున్న వేగం వచ్చేస్తుంది.”

వెళ్ళాడు, ఆన్ చేశాడు. తెర మధ్యలో నాలుగు లైన్లతో చిన్న పెట్టె ఒకటి ప్రత్యక్షమైంది. అలాంటి పెట్టెల్ని చదివిన పాపాన ఆయన ఎప్పుడూ పోలేదు. ‘సరే’ నొక్కాడు. మూడువేల ఆరువందలు వచ్చింది. ఆ పూటంతా ఈల వేసుకుంటూ తిరిగాడు.

సోమవారం ఆవిడ చదవాల్సింది నవలలో ముఖ్యమైన ఘట్టం. మంచాన పడ్డ తాత చెవిలో మనవరాలు గుసగుసగా క్షమాపణ అడుగుతుంది. ఆవిడ గొంతు తగ్గించి, గుండె బరువెక్కించుకుని చదివింది. కంప్యూటర్ ఫ్యాన్ కాస్త గట్టిగా తిరుగుతున్నట్టనిపించినా, చెవులకు హెడ్‌ఫోన్లుండటంతో పట్టించుకోలేదు. ఫైలు పంపిన అరగంటకు సౌండ్ ఇంజనీరు ఫోన్ చేశాడు.

“మేడమ్, తాతగారు హెలికాప్టర్లో పోతున్నారా?”

“లేదండీ, మంచం మీదే.”

“మరి ఆ రొదేంటి? మనవరాలు ఏమందో ఒక్క ముక్క వినపడలేదు. సాయంత్రంలోగా మళ్ళీ పంపండి.”

మధ్యాహ్నం భర్త భోజనానికి వచ్చేసరికి ఆవిడ కంప్యూటర్ వెనక చెయ్యి పెట్టి నిలబడి ఉంది. సెగ కొడుతోంది.

“ప్రాసెసర్ ఎనభై ఎనిమిది డిగ్రీలు చూపిస్తోందండీ. మొన్నటిదాకా యాభై దాటేది కాదు. ఏం చేశారు?”

“ప్రాసెసర్ జోలికే పోలేదు. నేను ముట్టుకుంది మెమరీని. చేతికి ఉంగరం పెడితే కాలు వాస్తుందా?”

ఆ మాట అనేసి, ఆయన మరమ్మతుకు దిగాడు. పెయింటు బ్రష్షుతో ఫ్యాను దులిపాడు. దుమ్ము ఆయన ముక్కులోకి పోయింది గానీ చప్పుడు తగ్గలేదు. పక్క మూత తీస్తే ఇంకా బాగా వినపడింది. చప్పుడు బయటికి రాకుండా వెనక దిండు ఆనించాడు. గాలాడక వేడి తొంభై అయిదుకెక్కి, ఫ్యాను గుండెలు బాదుకోవడం మొదలుపెట్టింది.

“ఆ దిండు నాది,” అంది అత్తగారు గుమ్మంలోంచి.

ఆవిడ ముప్ఫై ఏళ్ళు ప్రెస్సులో ప్రూఫులు దిద్దిన మనిషి. మందు సీసాతో వచ్చే మడత కాగితాన్ని కూడా రెండువైపులా చదివి, పెన్నుతో తప్పులు దిద్ది మళ్ళీ డబ్బాలో పెడుతుంది. దిండు తీసుకుని, కుర్చీ లాక్కుని, కళ్ళద్దాలు తుడుచుకుంది.

“బాబూ, నిన్న ఏం చేశారో అదే నా ముందు మళ్ళీ చెయ్యండి.”

“ఏముంది అత్తయ్యా, ప్రొఫైల్ ఆన్ చేశానంతే.” ఆయన సెట్టింగులు తెరిచి, ప్రొఫైల్ ఆపి, మళ్ళీ ఆన్ చేశాడు. పెట్టె ప్రత్యక్షమైంది. ఆయన వేలు అలవాటుగా మీటవైపు పోయింది. అత్తగారు మణికట్టు పట్టుకుంది.

“ఆగండి. మొదటి వాక్యం: మెమరీ ప్రొఫైల్ ఆన్ అయింది. బాగుంది. రెండో వాక్యం: దీంతోపాటు ప్రాసెసర్ కోర్లన్నిటినీ గరిష్ఠ వేగంతో నడిపించమంటారా? మూడోది: అలా చేస్తే విద్యుత్తు వాడకం వేడి పెరుగుతాయి. ఇక్కడ కామా పెట్టలేదు, వెధవలు.”

ఆయన తెర మీదికి వంగి, ఆ వాక్యాలు తనూ ఒకసారి చదివాడు.

“మెమరీ గురించి నేనడిగితే మధ్యలో ప్రాసెసర్ సంగతి దానికెందుకు?” అన్నాడు ఆయన చివరికి.

“అందుకేగా అడిగింది. మీరు సరేనన్నారు.”

‘వద్దు’ నొక్కించింది. తర్వాత ఒక్కొక్క వరుస మీదా వేలు పెట్టి చూసింది. ప్రాసెసర్ దగ్గర ‘ఆటో’ అని మళ్ళీ వచ్చింది. మెమరీ మాత్రం మూడువేల ఆరువందల దగ్గరే ఉంది. కాసేపటికి రొద దిగి దిగి, గోడగడియారం టిక్కుటిక్కు వినపడింది. భార్యకు ప్రాణం లేచొచ్చింది.

“తప్పునాదే,” అన్నాడు ఆయన ఒక్క గుక్కలో.

“ఏమన్నారూ?” అంది భార్య.

“వినపడిందిగా!” అంటూ చెవులు ఎర్రబడి, మధ్యాహ్నం క్లాసుందని చెప్పులేసుకున్నాడు.

భార్య స్టూడియో తలుపేసుకుని, తాతగారి ఘట్టం మొదటినుంచీ చదివింది. మనవరాలి మాట దగ్గర ఈసారి తన గొంతే వణికింది. దాన్ని తుడిచెయ్యకుండా అలాగే పంపింది. సాయంత్రం ఇంజనీరు నుంచి రెండు ముక్కలొచ్చాయి: ‘ఏడిపించారు మేడమ్. తర్వాతి అధ్యాయం శుక్రవారానికి కావాలి.’

భోజనాల దగ్గర ఆయన మెల్లిగా అడిగాడు: “ఇంతకీ ఫైలు త్వరగా తెరుచుకుంటోందా?”

“ముందు పదకొండు సెకన్లు పట్టేది. ఇప్పుడు తొమ్మిది.”

ఆయన అత్తగారి వైపు ఒకసారి, భార్య వైపు ఒకసారి చూసి, తృప్తిగా మరో ముద్ద కలుపుకున్నాడు.