రెండంగుళాల లూజు

ముందుగది నేల మీద నీలం గీతలు చూడగానే చిట్టికి ఒళ్ళు మండిపోయింది. యాభై దాటినా పుట్టింటి ముద్దుపేరు వదలని ఆ ఇల్లాలు, చేతిలోని తడిబట్టల బకెట్టు దించి నడుం మీద చెయ్యి వేసుకుంది. గీసింది మొగుడు. వృత్తి టైలరు. కాగితం మీద చిన్న ప్లాను గీయడం ఆయనకి చేతకాదు. బట్ట మీద గీసినట్టే, కొత్త బాత్రూం ఎంత ఉండబోతోందో అంతా నేల మీద గీసి కూర్చున్నాడు.

సంగతేమిటంటే, ఆ ఇంట్లో వంటగదికీ పెద్ద పడకగది బాత్రూంకీ మధ్య ఐదడుగుల స్టోరు గది ఉంది. దాన్ని పడగొట్టి అటూ ఇటూ కలిపితే రెండూ పెద్దవవుతాయి. వంటగది మీద మొగుడికి ఎప్పట్నుంచో మోజు, ఎనిమిది మంది కూర్చునే భోజనాల బల్ల వేయించాలని. బాత్రూం కావలసింది మాత్రం చిట్టి తల్లికి. తుంటి ఎముక విరిగి మూడు నెలలుగా ఆవిడ చక్రాల కుర్చీలో ఉంది. చేతులు గట్టివే, కుర్చీ తనే తోసుకోగలదు. కానీ అది ఇప్పుడున్న బాత్రూంలో పట్టదు. అందుకని మంచం పక్కనే తెర కట్టి, అన్నీ అక్కడే.

"నా అంతట నేను లోపలికెళ్ళి తలుపేసుకుంటే చాలే చిట్టీ," అంటుంది ఆవిడ. ఇంకేమీ అడగదు.

గీతల ప్రకారం ఐదడుగుల్లో నాలుగు వంటగదికి పోయాయి.

"బాత్రూంకి ఒక్క అడుగేనా?"

"లెక్క ప్రకారమే గీశాను," అన్నాడు మొగుడు సుద్దముక్క చెవి వెనక పెట్టుకుంటూ. "మొన్న మీ అమ్మ కొలతలు తీసుకున్నానుగా."

తీసుకున్నాడు, నిజమే. కుర్చీలో ఉన్న అత్తగారి భుజాలకీ నడుముకీ టేపు పెడుతుంటే, కొత్త జాకెట్టు కుడతాడు కాబోలని తల్లీకూతుళ్ళు మురిసిపోయారు. పాపం, ఆవిడైతే రంగు కూడా చెప్పింది.

"మీరు కొలిచింది అమ్మనా! కుర్చీని కాదా?"

"వాడేది ఆవిడేగా? చుట్టూ రెండంగుళాలు లూజు కూడా పెట్టాను."

గుమ్మంలో నిలబడ్డ తాపీమేస్త్రి గొంతు సవరించుకున్నాడు. "నేను చెప్పానమ్మా, కుర్చీ తిప్పుకోడానికి చోటుండాలని. 'ముప్పై ఏళ్ళుగా కొలతల మీదే బతుకుతున్నా, నాకు నేర్పుతావా' అన్నారు అయ్యగారు."

"నువ్వూరుకో. రేపొచ్చి గోడ పడగొట్టు," అని కసిరాడు మొగుడు. "అయినా చిట్టీ, నువ్వున్నావుగా, కాస్త సాయం పడతావు. తలుపు వేసుకోకపోతే ఏం? ఇంట్లోవాళ్ళ దగ్గర సిగ్గేమిటి?"

ఎంత తేలిగ్గా వచ్చింది ఆ మాట! మూడు నెలల్లో ఆ తెర వంక కన్నెత్తి చూసిన పాపాన పోలేదు. పని పడినప్పుడల్లా వీధిలోకి జారుకునే మహానుభావుడు. లోపల తల్లి మొహం గోడకి తిప్పుకుని "అయిందా, అయిందా" అని అడుగుతుంటే శుభ్రం చేసేది చిట్టి.

ఆమె పడకగదిలోకి వెళ్ళి, తల్లిని మంచం మీదికి చేర్చి, ఖాళీ కుర్చీ తోసుకొచ్చింది.

"కూర్చోండి."

"మేస్త్రి ముందు ఏంటీ వేషాలు?"

"కూర్చుంటారా, ఆ సుద్దముక్క మింగించమంటారా?"

కూర్చున్నాడు. ఎవరూ చెప్పకుండానే మేస్త్రి చెక్కలు తెచ్చి గీతల మీద నిలబెట్టాడు. మొగుడు చక్రాలు తోసుకుంటూ లోపలికి దూరబోయాడు. మోచేతులు చెక్కలకి కొట్టుకున్నాయి. పాదాలు పెట్టుకునే పలక కమోడు గీతకి తగిలింది, వెనక చక్రాలు ఇంకా తలుపు గీత బయటే ఉన్నాయి. తిరగబోయాడు, కుదరలేదు. వెనక్కి పోబోయాడు, చక్రం చెక్కకి పట్టేసింది.

"తలుపు వేసుకోండి," అంది చిట్టి.

"పడదు."

"పడదా? అయితే పోనీ, అలాగే కానివ్వండి. మేం ఇక్కడే నిలబడతాం. మేస్త్రీ, నువ్వూ కదలకు. ఊఁ, కానివ్వండి! చూస్తుంటే సిగ్గేమిటి?"

మొగుడి మొహం కందిపోయింది. మేస్త్రి గోడ వైపు తిరిగాడు. అంతలో పడకగదిలోంచి ముసలావిడ గొంతు వినిపించింది, వణుకుతూ.

"వద్దే చిట్టీ, అందరి ముందూ అలా చెయ్యకే. నీకు దణ్ణం పెడతాను. ఎంత నరకంగా ఉంటుందో నీకు తెలీదు."

మొగుడు కుర్చీలోంచే వంగి, వంటగది వైపు గీతని అరచేత్తో చెరిపేశాడు.

"ఈ మాట ముందే చెప్పొచ్చుగా," అన్నాడు తలెత్తకుండా.

"మూడు నెలలుగా అమ్మ చెబుతూనే ఉంది," అంది చిట్టి. "మీరు మనిషిని కొలిచారు గానీ, ఆ మనిషి మాట ఎప్పుడు విన్నారు?"