రాజమల్లు మేస్త్రి కాడు

నా నవల్లో రాజమల్లు అని ఒక తాపీ మేస్త్రి ఉన్నాడు. అతన్ని నర్సింగ్‌ను చూసి రాశాను. మా క్యాంపు రూమ్‌లో నా పక్క మంచం అతనిది. అల్ ఖౌద్ అనే అరబ్బు ఊళ్లో మా కంపెనీ కట్టే ఇళ్లకు అతను గోడలు పెడతాడు, నేను ఇనుము కడతాను. నిన్ను చూసి రాస్తున్నానని అతనికి చెప్పలేదు. నేను నోరు తెరవడం తక్కువ.

శుక్రవారం డ్యూటీ ఉండదు. మధ్యాహ్నం తిండ్లయ్యాక, ఆ వారం రాసింది రూమ్ వాళ్లు నాచేత చదివించుకునేవారు. తొంభై ఒకటి ఎండల్లో మొదలైన అలవాటది. రాజమల్లంటే అందరికీ ఇష్టమే, నర్సింగ్‌కు మరీను.

ఒక గురువారం సాయంత్రం నేను స్నానం చేసి వచ్చేసరికి నర్సింగ్ నా నోట్‌బుక్ పట్టుకుని కూర్చున్నాడు. మర్నాడు చదవాల్సిన పేజీ మీద వేలు పెట్టి ఉంది.

“ఓంకారన్నా, ఎవలు చెప్పిన్రే నీకు?”

“ఏంది?”

“రాజమల్లు మేస్త్రి కాడని. ఊళ్లె మగ్గం నేసేటోడని. బొంబాయిల మేస్త్రి పని టెస్టుకు తన తావుల ఇంకోన్ని నిలవెట్టి ఈడికి వచ్చిండని.”

“ఎవ్వలు చెప్పలె. నేనే అనుకొని రాసిన.”

“ఉత్తగ అనుకుంటే నా ముచ్చట ఎట్లొస్తది?”

“నీ కాళ్లను చూసి రాసిన.”

మంచం మీద కూర్చుంటే నర్సింగ్ కాళ్లు ఊరుకోవు. గుంటమగ్గం తొక్కుతున్నట్టు ఒకటి దిగితే ఒకటి లేస్తుంది. సైట్‌లో వరుస చూసే దారం తెగితే మిగతా మేస్త్రీలు లావుపాటి ముడి వేస్తారు. అతను రెండు కొసలు కలిపి బొటనవేలితో ఒక్క మెలిక తిప్పుతాడు, ముడి ఎక్కడుందో వెతుక్కోవాలి. కొత్తలో బ్లాకు పెట్టే ముందు ప్రతిసారీ పక్కవాడి చేతి వైపు చూసేవాడు. బొంబాయి టెస్టు సంగతి ఒక్కటే నేను కల్పించింది. అదీ నిజమే అయింది.

నర్సింగ్ తన కాళ్లను ఎవరివో అన్నట్టు చూసుకున్నాడు.

“రేపు మన ఫోర్‌మెన్ ఖమరుద్దీన్ భాయ్ వస్తనన్నడు వినేతందుకు. ఆయనకు సమజైతే నన్ను ఇంటికి తోలుతరు. ఈ పేజీ సదువకన్నా, నీ కాల్మొక్త.”

“సదువను తీ.”

నర్సింగ్ నోట్‌బుక్ నా చేతికిచ్చాడు. “మరి రాజమల్లు దొరుకుతడా?”

“ఏమో. ఇంక రాయలె.”

“నీకే తెల్వదా! గదెట్లనే?”

మర్నాడు ఖమరుద్దీన్ చాయ్ గ్లాసు పట్టుకుని వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. నేను ఆ పేజీ తిప్పేసి తర్వాతది మొదలుపెట్టాను. రెండు వాక్యాలు కాలేదు, గోదావరి జిల్లా డ్రైవర్ ఇస్రాయేలు చెయ్యెత్తాడు.

“ఆగండాగండి. ఇంత సుబ్బరంగా గోడ కట్టడం ఎక్కడ నేర్చావని పోయినవారం కథలో ఫోర్‌మెన్ అడిగాడు కదండీ. రాజమల్లు ఏం చెప్పాడు? అది మింగేశారేంటి?”

“హా, ఏం జెప్పిండు?” అన్నాడు ఖమరుద్దీన్.

అబద్ధం అల్లుదామంటే నాకు మాట తోచలేదు. రాసేటప్పుడు వచ్చినంత సులువుగా నోటికి రాదు. గోడకానుకుని కూర్చున్న నర్సింగ్ కాళ్లు ఆగిపోయాయి. ఖమరుద్దీన్ నన్ను చూశాడు, అతన్నీ చూశాడు.

“మేస్త్రిని కానన్నడా?”

నేను నోట్‌బుక్ మూశాను.

“మరి నీ నవల్ల ఫోర్‌మెన్‌కు ఆ సంగతి తెలుసా?”

“ఇంక రాయలేదు భాయ్.”

“తెలుసని రాయి. పహిలే దిన్, మొదటి రోజే తెలుసని రాయి. మూడ్రోజులు వంకర గోడ పెట్టిండు వాడు. తెల్లారి లేబర్ రాకముందే ఫోర్‌మెనే పోయి కూలగొట్టి సీదా కట్టిండు. ఇంజనీర్‌కు చెప్పలేదు. ఇప్పుడు నా సైట్‌ల గంత సాఫ్ గోడ పెట్టేటోడు ఇంకోడు లేడు. రాసుకో.”

“నా సైట్” అన్నది అందరూ విన్నారు. ఇస్రాయేలు నర్సింగ్ వైపు తిరిగాడు.

నర్సింగ్ ముందుకు జరిగాడు. “ఎందుకు పట్టియ్యలె భాయ్?”

“నవల్ ముచ్చట నన్నడుగుతవేందిరా? రాసేటోన్నడుగు.”

అందరూ నా వైపు తిరిగారు. నేను పెన్ను మూత తీశాను.

“భాయ్, ఈ దేశం రాకముందు ఊళ్లె మీరేం పని చేస్తుంటిరి?”

ఖమరుద్దీన్ చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

“నా పేరు మారుస్తవు గదా?” అన్నాడు.