మాస్టారి దుప్పట్లు ఆరబెట్టినదాన్ని

నేను ఒక బట్టలారబెట్టే యంత్రాన్ని. బట్టలుతికేదాన్ని కాదు. ఈ తేడా చెప్పీ చెప్పీ నన్ను అమ్మిన కుర్చీలాయన గొంతు ఎండిపోయింది. కుర్చీలాయన అంటే షోరూములో సోఫాలూ కుర్చీలూ అమ్మే పెద్దమనిషి. నా గురించి తెలిసినవాళ్లు ఎవరూ లేకపోవడంతో నన్ను కూడా ఆయనకే అంటగట్టారు. ఉతికే యంత్రం మనుషులకు ఎప్పటినుంచో తెలిసిన చుట్టం. నేను నిన్నగాక మొన్న గుమ్మం ఎక్కినదాన్ని.

నేను పుట్టిన ఊరి పేరు నా వీపు మీద స్టిక్కరులో ఉందట. నా వీపు నేను చూసుకునే భాగ్యం లేదు కనక ఆ ఊరేదో నాకు తెలియదు. కడుపులో ఏముందో మాత్రం తెలుసు. చాలామంది అనుకున్నట్టు అక్కడ నిప్పు లేదు. ఫ్రిజ్జులో ఉండేలాంటి కంప్రెసరు ఒకటి ఉంది. గోరువెచ్చని గాలిని తడిబట్టల మధ్య తిప్పుతాను. ఆ గాలి పీల్చుకొచ్చిన తేమను చల్లబరచి నీళ్లు చేసి, పైనున్న డబ్బాలో నింపుతాను. అదే గాలిని మళ్లీ వెచ్చబరచి వాడుకుంటాను. నాకోసం గోడకు కన్నం పెట్టక్కర్లేదు, గొట్టం బిగించక్కర్లేదు. కరెంటు తక్కువ తింటాను, టైము ఎక్కువ తింటాను. తొందరపడేవాళ్లకు నేను పనికిరాను.

విశాఖపట్నంలో ద్వారకానగర్ దగ్గర ఆ షోరూములో పదకొండు నెలలు నిలబడ్డాను. లారీలోంచి దించేటప్పుడు ఎడమపక్క సొట్టపడింది. వచ్చినవాళ్లు నా తలుపు తీసేవారు, లోపలికి తొంగిచూసేవారు, మూసేసి వెళ్లిపోయేవారు. ఎండకు కొదవలేని ఊళ్లో ఇదెందుకండీ అని అడిగేవారు. కుర్చీలాయన నీళ్లు నమిలేవాడు. ఆయన చొక్కాలు ఆయన బాల్కనీలోనే ఆరతాయి మరి.

జులైలో వాన పట్టుకుంది. ఆ వానలో గొడుగు మడుస్తూ వచ్చినాయన బొడ్డేపల్లి లోకనాథం మాస్టారు. రిటైరైన డ్రిల్లు మాస్టారు. అరవై ఎనిమిదేళ్లొచ్చినా నడుం నిట్టనిలువుగా ఉంటుంది, మాట ఈల వేసినట్టు ఉంటుంది. టీవీల వైపు చూడలేదు, ఫ్రిజ్జుల వైపు చూడలేదు, తిన్నగా నా దగ్గరికి వచ్చారు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు.

"దుప్పటి పడతాదా?"

"డబుల్ కాట్‌దైనా పడతాదండి."

"వాసన రాదు కదా?"

"ఏ వాసనండి?"

"అదే... ఆరని బట్టల ముక్క వాసన."

రాదన్నాడు కుర్చీలాయన. సొట్ట చూపించి ధర తగ్గించమన్నారు మాస్టారు. ఆ సొట్ట గోడవైపు పెట్టుకుంటే కనపడదని కుర్చీలాయన అన్నాడుగాని, నన్ను వదిలించుకోవడమే మహాభాగ్యం అనుకుంటున్నాడు కనక ఎక్కువ బెట్టు చెయ్యలేదు. సామాన్య సంసారి కొనగలిగిన ధరకు నన్ను కట్టబెట్టాడు. ఆ సొట్టే లేకపోతే నేను మాస్టారింటికి వెళ్లేదాన్నే కాదు.

ఆయన నన్నెందుకు కొన్నారో తెలుసుకోవడానికి నాకు ఎక్కువ రోజులు పట్టలేదు. బట్టలతో కాపరం చేసేవాళ్లకు మనుషుల సంగతులు వాటంతటవే తెలుస్తాయి. ఎనిమిది నెలల కిందట ఆయనకు ప్రోస్టేటు ఆపరేషను అయింది. బాగానే చేశారు, ప్రాణానికి ఢోకా లేదన్నారు. కాని మూత్రం మీద అదుపు పోయింది. మెల్లగా వస్తుంది, కంగారుపడకండి అన్నాడు డాక్టరు. ముప్పై ఆరేళ్లు వేలమంది పిల్లల్ని కదలకుండా నిలబెట్టిన మనిషి, తెల్లారి లేచేసరికి తన పక్క తడిసి ఉంటే ఏం చేస్తారు? సిగ్గుతో చచ్చిపోయారు. దుప్పటి తనే తీసి, తనే బకెట్లో తడిపేసేవారు. భార్య వరహాలమ్మ చూడలేదనుకునేవారు. ఆవిడ చూసింది. కొత్త పరుపు పాడవకుండా అని చెప్పి దుప్పటి కింద రబ్బరుగుడ్డ పరిచింది కూడా. ఆయన నిజంగా పరుపు కోసమే అనుకున్నారు. నలభై ఏళ్లు కలిసి బతికిన ఇద్దరు మనుషులు ఒకే మంచం మీద ఒకే రహస్యాన్ని చెరోవైపునుంచి దాచుకోవడం నాకు వింతగా ఉండేది.

ఇంట్లో సంగతి సరే, గొడవంతా డాబా మీద. పెదవాల్తేరులో వాళ్లుండే అపార్ట్‌మెంటు నాలుగంతస్తులది. మేడ మీద ఒక్కో ఇంటికి రెండేసి తీగలు పంచుకున్నారు. ఎవరి తీగ మీద ఏం ఆరుతోందో అందరికీ తెలుసు. ఎవరింటికి చుట్టాలొచ్చారో, ఎవరింట్లో పసిబిడ్డ ఉన్నాడో ఆ తీగలే చెబుతాయి. "మాస్టారింట్లో రోజూ దుప్పటేనేటండీ?" అని మూడో అంతస్తు రాజ్యం ఒకసారి మెట్ల మీద అడిగింది. నాకు దుమ్ము పడదమ్మా, డాక్టరు రోజూ మార్చమన్నాడు అని మాస్టారు అప్పటికప్పుడు కల్పించారు. ఆ రోజునుంచి ఆయనకు మేడెక్కాలంటే భయం. వానలొచ్చాక దుప్పట్లు ఆరనూ లేదు, ఇంట్లో తాళ్లు కడితే వాసన దాగనూ లేదు. అలా నాకు రోజులొచ్చాయి.

మంగళవారం పొద్దున నన్ను తీసుకొచ్చారు. లిఫ్టులో పట్టలేదు. ఇద్దరు మనుషులు నన్ను పక్కకు పడుకోబెట్టి నాలుగంతస్తులూ మోశారు. బిగించడానికి వచ్చిన ఫిరోజ్ ఆ సంగతి విని తల పట్టుకున్నాడు. పడుకోబెట్టి తెచ్చినప్పుడు కంప్రెసరులోని నూనె అటూ ఇటూ పోతుందట. నిలబెట్టి ఒక రోజన్నా ఉంచకుండా స్విచ్చి వెయ్యొద్దన్నాడు. వంటగది పక్కన, ఉతికే మిషను దాపున, నేలను మట్టం చూసి నన్ను నిలబెట్టాడు. నీళ్ల డబ్బా ఎలా తియ్యాలో, జాలీకి పట్టిన పీచు ప్రతిసారీ ఎలా దులపాలో చూపించాడు. మాస్టారు డ్రిల్లు నేర్చుకునే పిల్లాడిలా రెండు సార్లు చేసి చూపించారు.

"అయితే రేపు ఈ వేళకి వేసేద్దుం" అన్నారు.

"రేపు అమాస" అంది వంటింట్లోంచి వరహాలమ్మ. "అమాసనాడు కొత్త వస్తువు మొదలెడతారేటి ఎవరైనా? గురువారం పొద్దున్న మంచి గడియలున్నాయి."

"మిషనుకి అమాసేటే?"

"మిషనుకి లేదు. మనకుంది."

మెకానిక్కూ పంచాంగమూ ఏకమయ్యాక మాస్టారు ఏం చెయ్యగలరు? రెండు రోజులు ఊరుకున్నారు. ఆ రెండు రోజుల దుప్పట్లూ బాత్రూములో బకెట్లో మూతకింద ఉన్నాయి. నా నూనె మాత్రం హాయిగా కిందకి దిగి కూర్చుంది. వర్జ్యాలూ దుర్ముహూర్తాలూ చూసే అలవాటు మా జాతికి ఇంత మేలు చేస్తుందని నన్ను తయారుచేసినవాళ్లకు తెలియదు.

గురువారం పొద్దున వరహాలమ్మ తలంటుకుని వచ్చి నాకు మూడు చోట్ల కుంకుమబొట్లు పెట్టింది. అగరొత్తులు వెలిగించింది. మొదటి తడవ మంగళకరమైనది పడాలి కదా అని కొత్త జాకెట్టు ముక్క ఒకటి తెచ్చింది. కొత్త బట్ట కట్టేముందు అంచులకు పసుపు పెట్టడం వాళ్ల ఆచారం. నాలుగు కొసలకీ తడిపసుపు దిట్టంగా పట్టించి నా కడుపులో వేసి, దణ్ణం పెట్టుకుని, మీట నొక్కింది. మూరెడు గుడ్డ ఆరడానికి ఎంతసేపు? కాసేపట్లో పనైపోయింది. ఆవిడ ముక్క తీసి కళ్లకద్దుకుంది. పసుపులో సగం నా లోపలి గోడలకే అంటుకుపోయిందని చూసుకోలేదు. నేను చూసుకున్నాను, చెప్పడానికి నోరేదీ?

"పది గంటలకి మనవాళ్లని బొట్టుకి రమ్మన్నాను" అంది అప్పుడు.

మాస్టారి ముఖం వాడిపోయింది. "ఇప్పుడెందుకు పిలిచేవు?"

"కొత్త వస్తువొస్తే పిలవరేటండీ? రేపు వాళ్లే అంటారు, సెప్పా పెట్టకుండా కొనేసుకున్నారని."

ఆవిడ సున్నుండలు చుట్టడానికి వెళ్లగానే, మాస్టారు ఉతికి పిండి ఉంచిన మూడు దుప్పట్లలో ఒకటీ, రెండు లుంగీలూ నా లోపల కుక్కేశారు. పదికి ముందే అయిపోతుంది, తీసి బీరువాలో పెట్టేస్తే పీడా పోతుంది అనుకున్నారు. టైము నేనెంత తింటానో ఫిరోజ్ చెప్పాడుగాని ఆయన వినలేదు. ఆ కంగారులో నా లోపలికి చూడనూ లేదు.

పదింటికి రాజ్యం, ఆవిడ ఆడపడుచు వచ్చారు. ఎదురింటి సుగుణమ్మ వచ్చింది. ఆవిడ వెనకాలే ఆవిడ భర్త పోలారావు కూడా వచ్చాడు. పోర్టులో క్రేను నడిపి రిటైరైనవాడు, యంత్రమంటే చూడకుండా ఉండలేడు. ఆరేళ్లుగా ప్రతి ఉదయం మాస్టారితో కలిసి బీచిలో నడిచేవాడు ఆయనే. అందరూ నా గాజుతలుపులోంచి బట్టలు తిరగడం చూస్తున్నారు. మాస్టారు పేపరు ముఖానికి అడ్డం పెట్టుకుని కుర్చీలో కూర్చున్నారు. ఆ పేపరు తలకిందులుగా ఉంది.

నా పని పూర్తయింది. పనైనప్పుడు మోగే పాట పాడాను. "అయిపోనాది!" అంటూ వరహాలమ్మ సంబరంగా తలుపు తీసి, వెచ్చగా ఉన్న దుప్పటి రెండు చేతులతో అందరి ముందూ విప్పింది.

తెల్లటి దుప్పటి. నడిమధ్య అరచేతులంత పచ్చటి మరకలు మూడు.

రాజ్యం ముందుకు వంగి, "ఇదేటి వదినా, ఇలా పచ్చగా..." అని, మధ్యలోనే ఆగిపోయింది.

మాస్టారు లేచి నిలబడ్డారు. చేతులు పక్కలకు ఆనించి, బడి మైదానంలో నిలబడినట్టే నిలబడ్డారు.

"ఆవిడ తప్పు లేదమ్మా. ఆవిడ శుభ్రంగానే ఉంచుతాది. అయి నా మరకలు. ఆపరేషనయిన కాన్నించీ పక్క తడిసిపోతోంది నాకు. రోజూను. దుమ్మూ లేదు, ఏటీ లేదు. మీకు అబద్ధం చెప్పేను."

వరహాలమ్మ దుప్పటి మరకను ముక్కు దగ్గర పెట్టుకుంది. వంగి నా లోపలికి చూసింది. వేలితో గోడను రాసి, ఆ పచ్చటి వేలు పైకెత్తింది.

"పసుపండీ" అంది మెల్లగా. "జాకెట్టు ముక్కది. పసుపే."

మాస్టారు ఆ వేలు వైపు చూస్తూ ఉండిపోయారు. ఎనిమిది నెలలు ప్రాణం పెట్టి కాచుకున్న మాట, ఎవరూ అడగకుండానే, ఉత్త పసుపు చూసి చెప్పేసుకున్నారు. నేను యంత్రాన్ని. జాలిపడడం నా పనుల్లో లేదు. అయినా ఆ నిమిషంలో నా లోపల కొంచెం వేడి ఎక్కువైంది.

ఆడవాళ్లు మంచివాళ్లే. వాన గురించి మాట్లాడారు. సున్నుండలు నెయ్యి ఓడుతున్నాయన్నారు. బొట్టు పెట్టించుకుని, ఎవరి పనులు వాళ్లకు గుర్తొచ్చి వెళ్లిపోయారు. పోలారావు కూడా తల వంచుకుని భార్య వెనకాలే వెళ్లాడు. మాస్టారు గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నారు. వరహాలమ్మ రెండుసార్లు భోజనానికి పిలిచింది. ఆకలి లేదన్నారు. ఇల్లు మారిపోదాం అన్నారు ఒకసారి, తలుపు అవతలనుంచే.

మధ్యాహ్నం రెండింటికి వీధితలుపు మీద ఎవరో వేళ్లతో కొట్టారు. బెల్లు ఉండగా అలా కొట్టారంటే పక్కింటివాళ్లకు వినపడకూడదని. ఎంతకీ ఆగకపోతే మాస్టారే వచ్చి తీశారు. పోలారావు. చేతిలో కూరల సంచీ ఉంది. ఓదార్చడానికి వచ్చాడనుకుని మాస్టారి నుదురు ముడిపడింది. పోలారావు తిన్నగా నా దగ్గరికి వచ్చి, సంచీ నా నెత్తి మీద పెట్టాడు.

"ఇదీ వేసెయ్యండి మాస్టారూ."

సంచీలో పిండిన దుప్పటి ఉంది. నీలం గళ్లది. మాస్టారు దాన్ని సగం పైకి లాగి ఆగిపోయారు.

"ఎన్నాళ్లయి?"

"రెండేళ్లండి. నాది ఆపరేషను కాదు, షుగరు. మా ఆవిడ మేడ మీద వెయ్యదు, మంచం కిందే ఆరబెట్టేస్తాది."

రెండేళ్లు. రోజూ పక్కపక్కన నడిచారు. నడక అయ్యాక బీచిరోడ్డు మీద టీ బండి దగ్గర ఆగేవారు. టీ తాగితే ఇంటికి చేరేదాకా ఆగలేనేమో అని పోలారావు వద్దనేవాడు. ఈ మధ్య ఎనిమిది నెలలుగా మాస్టారూ వద్దనడం మొదలెట్టారు. ఎందుకని ఒకరినొకరు అడగకుండానే, బండి పక్కన ఊరికే నిలబడి వచ్చేసేవారు.

"నాకొక్క ముక్క చెప్పకపోయేరా?" అన్నారు మాస్టారు. గొంతులో ఈల లేదు.

"మీరు చెప్పేరేటి?"

మాస్టారు తడిగుడ్డ తెచ్చి నా లోపలి పసుపంతా శ్రద్ధగా తుడిచారు. పోలారావు వంగి, పైన మిగిలినచోటు వేలితో చూపించాడు; అదీ తుడిచారు. గళ్ల దుప్పటి వేసి తలుపు మూశారు, మీట నొక్కారు. నేను తిరగడం మొదలుపెట్టాను.

"రెండు గంటలు పైనే పడతాదట. కూర్చోండి" అంటూ ఒక కుర్చీ లాగారు. ఇంకో కుర్చీ తనకు లాక్కున్నారు. ఇద్దరూ నా గాజుతలుపు వైపు చూస్తూ కూర్చున్నారు. కాసేపటికి మాస్టారు వంటింటి వైపు తిరిగి కేకేశారు.

"వరహాలూ, రెండు టీలు పెట్టు."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. వరహాలమ్మ గుమ్మంలోకి వచ్చి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"చిన్నగ్లాసులా?" అంది.

"పెద్దయే" అన్నారు మాస్టారు.