నవాల్ పెట్టలు

కడుపుతో ఉన్న ఐదో నెలలో నవాల్ పదకొండు కోడిపిల్లల్ని కొని డాబా మీద పెంచడం మొదలుపెట్టింది. పురుడయ్యాక బాలింతకు కోడిపులుసు లేకుండా ఈజిప్టులోని ఫయ్యూమ్ పల్లెల్లో ఏ ఇల్లు ఊరుకుంటుంది? ఏడో నెలలో బిడ్డ పోయింది. కోడిపిల్లలకేం తెలుసు పాపం, అవి తిని నిక్షేపంగా ఎదిగాయి.

నలభై రోజులు దాటినా నవాల్ గడప దాటలేదు. ఎవరి ఇంటికీ వెళ్లలేదు, ఎవరితోనూ నాలుగు మాటలు మాట్లాడలేదు. ఒకనాడు తోడికోడలు సబ్రియను పిలిచి, "వీటిని తీసుకుపో అక్కా, నేను చూడలేను" అంది. సబ్రియ పదకొండింటినీ బుట్టకెత్తుకుంది. అన్నదమ్ముల ఇళ్లు పక్కపక్కనే. రెండు డాబాల మధ్య నడుమెత్తు పిట్టగోడ ఒక్కటే అడ్డం.

సబ్రియ ఖర్జూరపు మట్టలతో కొత్త గూడు కట్టింది. వాసన తెలిసినదైతే కుదురుకుంటాయని నవాల్ గూట్లోని పాత గడ్డి కూడా తెచ్చి పరిచింది. కొత్త గూడు అలవాటయ్యేదాకా వారం రోజులు తలుపు తియ్యకూడదని ఆమెకు తెలుసు. కానీ అవి అదేపనిగా అరుస్తుంటే మనసొప్పక రెండోనాడే తీసేసింది. పొద్దుగూకే వేళకు పదకొండూ గోడెక్కి అవతలికి దూకాయి. మర్నాడు పట్టి తెచ్చినా అంతే, ఆ మర్నాడూ అంతే.

"రెక్కలు కత్తిరించి పారెయ్యవే!" అంది అత్త బసీమా. "జాలి గుండెతో కోళ్లను పెంచితే డాబా నిండా రెట్టే మిగులుతుంది."

"మీ కత్తెర మీ దగ్గరే పెట్టుకోండి అత్తా. అవేం తప్పు చేశాయి?"

కోళ్ల బెంగ కాదు సబ్రియది. చూడలేనన్న మనిషి ముందుకు అవే రోజూ వెళ్లి నిలబడుతుంటే మానే పుండును గీరినట్టు కాదా అని. ఆ మూడు రోజులూ చూసి తలుపు బిగించేసింది. అవతలి డాబా కనబడకుండా గూటికి గోడవైపున గోనెపట్టా కట్టింది. సందె వేళ అవి భయంతో ఒకే మూల ఒకదాని మీద ఒకటి పడి కుక్కుకుంటే, అడుగునున్నది ఊపిరాడక చస్తుందని, లోపలికి దూరి ఒక్కొక్కదాన్నే ఎత్తి అడ్డకర్ర మీద కూర్చోబెట్టేది. నడుము పట్టేసేది. ఎనిమిది రోజులు అదే పని.

తొమ్మిదోనాడు తలుపు తీసింది. అవి డాబా అంతా తిరిగి, సందె వేళకు వాటంతట అవే గూట్లోకి వెళ్లి కర్రెక్కాయి. సబ్రియకు పండగే అయింది.

అప్పుడు గోడ అవతల నవాల్ కనబడింది. చేతిలో నానబెట్టిన రొట్టెముక్కల పళ్లెం.

"ఇవాళ కూడా రాలేదేంటక్కా?"

"నేనే ఆపాను. నువ్వు చూడలేనన్నావుగా!"

"అన్నాను." నవాల్ పళ్లెంలోకి చూసింది. "కానీ అవి రోజూ వచ్చేవి. వాటికి మేత వెయ్యడానికైనా మెట్లెక్కేదాన్ని. ఈ ఎనిమిది రోజులూ ఎక్కి చూసి దిగిపోయాను."

సబ్రియకు ప్రాణం ఉసూరుమంది. గబగబా వెళ్లి ఒక పెట్టను పట్టి గోడ మీద పెట్టింది. అది ఇటే దూకి తిన్నగా కర్రెక్కేసింది. ఇంకోదాన్ని పెట్టింది. అదీ అంతే. మేలు చేస్తున్నాననుకుని, నవాల్‌కు మిగిలిన ఒక్క రాకపోకనూ తన చేతులారా తెంపేసింది.

"తప్పయిపోయింది చెల్లీ. నాకు తట్టలేదు."

నవాల్ పళ్లెం గోడ మీద పెట్టింది. బట్టలు మోకాళ్ల దాకా ఎత్తి పట్టుకుని, ఒక కాలు ఇటు వేసి, తూలి, రెండో కాలూ వేసింది. పళ్లెం అందుకుని గూడు ముందు కూలబడి లోపలికి తొంగిచూసింది.

"ఆ చివరది ఇంత చిక్కిపోయిందేంటి? దీనికి తిండే పెట్టడంలేదా నువ్వు? పెద్దవన్నీ దీన్ని పొడుస్తున్నాయి, కళ్లు లేవా? రేపటి నుంచి నేనే వచ్చి పెడతాను, నువ్వు ముట్టుకోకు!"

ఇంకెవరైనా అలా అని ఉంటే సబ్రియ ఊరంతా వినబడేట్టు జవాబిచ్చేదే. ఇప్పుడు మాత్రం "అలాగేనే తల్లీ, అలాగే" అంటూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది.